రిమార్కుల గడి

తెల్లవారి అయిదున్నరకి మొదలు
నా లెక్కపెట్టే పని.
మెడలో దుర్భిణి, చేతిలో అట్ట,
అట్టమీద పద్నాలుగు గడుల కాగితం.
సున్నపుగెడ్డకి ఆనకట్ట కడితే
దిగువన బొడ్డపాలెం బీలలో ఏమేం పోతాయో,
పోయినవాటికి బదులు ఎక్కడ ఏమివ్వాలో
ఆ జాబితాకి నేను రోజుకూలీని.
రోజుకి ఆరువందలు, పెట్రోలు వేరే.

చిల్లుముక్కు కొంగలు నూట పన్నెండు.
నీలి జంబుకోళ్ళు, తుంగలోంచి తల ఎత్తినవి ముప్పై.
ఎత్తనివి ఎన్నో తెలీదు. ముప్పై అనే రాశాను.
నీరుకుక్క కనబడలేదు.
గట్టుమీద దాని పెంట మాత్రం ఉంది,
చేపపొలుసులు మెరుస్తూ.
పెంటని ఒకటిగా లెక్కెయ్యాలా, కుటుంబంగానా?
ఫోన్ చేసి అడిగాను.
"కనబడినవే రాయండి" అన్నారు.

దాలెమ్మ మోకాల్లోతు నీళ్ళలో
చాపలకి తుంగ కోస్తోంది.
"ఏటి బాబూ, పిట్టలకి రేషన్‌కార్డులు రాస్తన్నావా?"
నవ్వాను.
ఆ నవ్వుకి కొంగలు లేచిపోయాయి,
లెక్క మళ్ళీ మొదటికొచ్చింది.

కంపెనీ ఇంజినీరు చెడ్డవాడేం కాదు.
మొన్న జీపులో తీసుకెళ్ళి చూపించాడు,
ఇరవైరెండు కిలోమీటర్ల అవతల, జీడితోటల మధ్య,
బీలకి బదులుగా తవ్విస్తున్న చెరువు.
నలుచదరం. అడుగున నల్లటి ప్లాస్టిక్ పట్టా.
ఇనపగొట్టాల మీద సిమెంటు గూళ్ళు,
ఒక్కో గూటికి ఒక నంబరు.
"ఎకరం పోతే రెండెకరాలు ఇస్తున్నామండీ" అన్నాడు,
గొంతులో నిజమైన సంతోషం.
పాత బీలకీ ఏడాది పొడవునా నీళ్ళు వదుల్తారట,
రోజూ ఒకే కొలత, చుక్క తేడా రాకుండా.

ఆ మాటే దాలెమ్మకి చెప్పాను.
కొడవలి తుంగకట్టలో గుచ్చి
నడుం నిలబెట్టింది.

"రోజూ ఒకే కొలతా?
బీలంటే కుళాయనుకున్నారేటి?
మిరగకార్తెకి గెడ్డ ఎర్రగా దిగాల.
అప్పుడు నత్త పైకొస్తాది.
నత్తొస్తే కొంగొస్తాది.
మాగమాసం దాటినాక నీరు తీసెయ్యాల,
మట్టి నెర్రె ఇవ్వాల,
నెర్రెలో తుంగదుంప ఊపిరి పీల్చుకోవాల.
ఎండనియ్యకపోతే గుర్రపుడెక్క తప్ప ఏటీ మిగల్దు.
తడీ గావాల, ఎండా గావాల, దేని యేళకి అది.
మీ ఆనకట్టకి తలుపులుంటాయి గదా,
ఆ తలుపులు తీసేవోడికి కార్తెలు తెలుసునా?"

నాకూ తెలీవు.
గట్టుమీద గొంతుక్కూచుని
తిరిగొచ్చిన ఒక కొంగని చూశాను.
దాని ముక్కు కొసన కలుస్తుంది, మధ్యన కలవదు.
ఆ సందులోంచి ఆకాశం
బియ్యపుగింజంత కనబడుతోంది.
ఆ సందే లేకపోతే నత్త జారిపోతుంది,
గూట్లో పిల్లలు పస్తుంటాయి.
రెవెన్యూ పుస్తకంలో ఈ బీల ఎదురుగా
ఒకే మాట ఉంది: నిరుపయోగం.

పద్నాలుగో గడి, రిమార్కులు.
వేలెడంత వెడల్పు.
దాలెమ్మ చెప్పింది చెప్పినట్టు
ఆమె యాసలోనే రాయడం మొదలెట్టాను.
మిరగకార్తె దగ్గరే గడి నిండిపోయింది.
అక్షరాలు చిన్నవి చేశాను, చాల్లేదు.
గీత దాటి అంచులోకి, అంచు నుంచి కిందికి,
'ప్రాజెక్టు వలన లాభాలు' అని అచ్చేసిన చోట్లోకి
మాగమాసం, నెర్రెలు, తుంగదుంపలు
తొలివరద దిగినట్టు దిగిపోయాయి.
ఆఫీసులో తిడతారు.
కొత్త కాగితం ఇచ్చి మళ్ళీ రాయమంటారు.

"ఏటి రాసినావు, సదువు."
చదివాను.
తుంగ పేనుతూ చివరిదాకా విని అడిగింది:
"నీరుకుక్కేదీ ఇందల?"
"కనబడలేదమ్మా."
"నువ్వు దానికి కనబడ్డావు గదా,
రాయి."